మెకాంగ్ క్రూజ్‌లో ఒక రోజు కొండ గుడికి: వాట్ ఫు ఎలా చూడాలి, ఎక్కడెక్కడ ఆగాలి

లావోస్ అనగానే మనవాళ్ళు లువాంగ్ ప్రబాంగ్ వెళ్ళి రెండు గుళ్ళు, ఒక జలపాతం చూసుకుని వచ్చేస్తారు, దక్షిణాన చంపాసక్ వైపు వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. అక్కడ పాక్సే అనే ఊరి నుంచి మెకాంగ్ నది మీద చిన్న చిన్న క్రూజ్ బోట్లు నడుస్తాయి, కింద నాలుగు వేల దీవుల దాకా వెళ్ళి వస్తాయి, మామూలుగా రెండు రాత్రులు మూడు రోజుల ట్రిప్. దాంట్లో ఒక పూట వాట్ ఫు అని కొండ మీద గుడికి తీసుకెళ్తారు. మేం వెళ్ళాం, అమ్మా పిన్నీ నేనూ, ముగ్గురం. ఆ ఒక్క పూట కోసం మళ్ళీ అంత దూరం వెళ్ళమన్నా వెళ్తా. కానీ సరిగ్గా ప్లాన్ చేసుకోకపోతే అదే గుడి మండుటెండలో మెట్లెక్కి దిగిన అలసట తప్ప ఏం మిగల్చదు, మా బోట్‌లో సగం మంది పరిస్థితి అదే అయింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందే ఒక మాట చెప్పేస్తా, మిగతా అంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇక్కడ గుడి కోసం కొండని వెతకలేదు, కొండ కోసం గుడి కట్టారు. ఫు కావో అనే ఆ కొండ 1,416 మీటర్ల ఎత్తు, దాని శిఖరం మీద సహజంగా నిలబడ్డ ఒక రాయి ఉంది, నది మీద నుంచి చూస్తే అచ్చం శివలింగంలా కనిపిస్తుంది. పాత శాసనాల్లో ఈ కొండ పేరు లింగపర్వతం. కొండ లింగం, కింద పారే మెకాంగ్ గంగ, కొండ బండల్లోంచి ఊరే ఊట అభిషేక జలం, ఇలా అనుకున్నారు వాళ్ళు. కొండ శిఖరం నుంచి నది ఒడ్డు దాకా ఇంచుమించు 10 కిలోమీటర్ల మేర ఒక గీత గీసినట్టు గుడి, చెరువులు, దారులు, పాత ఊరు అన్నీ ఆ వరసలో పెట్టారు. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకున్నది కూడా ఒక్క గుడిని కాదు, ఈ మొత్తం చంపాసక్ ప్రాంతాన్ని. కాబట్టి గుడి చూడ్డం నది మీదే మొదలవుతుంది, టికెట్ కౌంటర్ దగ్గర కాదు.

మరి ఇది శివాలయమా బౌద్ధాలయమా అంటే, రెండూ. ఇప్పుడు మనం చూసే పై గుడి ఎక్కువగా 11వ శతాబ్దం నాటిది, కంబోడియా వైపు నుంచి ఏలిన ఖ్మేర్ రాజులు శివుడికి కట్టింది, తర్వాత ఆ ప్రాంతమంతా థేరవాద బౌద్ధంలోకి మారాక గర్భగుడి ముందు భాగంలో బుద్ధుడి విగ్రహాలు వచ్చి కూర్చున్నాయి, ఇవ్వాళ్టికీ పూజలు జరుగుతున్నాయి. మన పల్నాడులో చేజర్ల కపోతేశ్వర స్వామి గుడి చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, అక్కడ బౌద్ధ చైత్యం శివాలయం అయింది, ఇక్కడ శివాలయం బుద్ధుడి గుడి అయింది. దేవుడు మారినా జనం అదే మెట్లు ఎక్కుతూనే ఉన్నారు.

బుక్ చేసే ముందు అడగాల్సినవి

క్రూజ్ వాళ్ళ ఫోటోల్లో గదులు, స్విమ్మింగ్ పూలు, భోజనం బాగానే చూపిస్తారు. మీరు మాత్రం ఈ ప్రశ్నలు మెయిల్ పెట్టి అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వాట్ ఫు దగ్గర ఎన్ని గంటలు ఇస్తారు? పొద్దున తీసుకెళ్తారా, మధ్యాహ్నమా? ఎంట్రీ టికెట్, లోపల తిరిగే ఎలక్ట్రిక్ బండి టికెట్ ప్యాకేజీలో ఉన్నాయా? గైడ్ ఇంగ్లీష్ మాట్లాడతాడా? గ్రూప్‌తో కాకుండా మేం విడిగా ఉండి, తర్వాత ఆటోలో బోట్ దగ్గరికి వస్తామంటే ఒప్పుకుంటారా? ఈ చివరి ప్రశ్న ముఖ్యమైనది. మేం ఇది అడగలేదు, బుక్ చేసినప్పుడు "ఫుల్ హాఫ్ డే" అన్నారు, తీరా అక్కడికి వెళ్ళాక గంటన్నర అన్నారు, అమ్మ సగం మెట్లు ఎక్కి కూర్చున్నప్పుడు గైడ్ వాచీ చూపించడం మొదలెట్టాడు. అప్పుడు అక్కడికక్కడే మాట్లాడుకుని మిగతావాళ్ళని పంపించేసి మేం వెనక ఉండిపోయాం. అదే ముందే మాట్లాడుకుని ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు.

కనీసం మూడున్నర గంటలు కావాలి. పెద్దవాళ్ళు ఉంటే నాలుగు. అంతకంటే తక్కువ ఇస్తామంటే ఆ క్రూజ్ వదిలేసి వేరేది చూడండి, లేదంటే ఇలా చేయండి: పాక్సేలో ఒక పడవ మాట్లాడుకుని గుడికి దగ్గర్లో ఉన్న చంపాసక్ ఊరి దాకా నది మీదే వెళ్ళండి, సన్నగా పొడుగ్గా పైన కప్పు ఉన్న చెక్క పడవలు ఉంటాయి, ప్రవాహం వైపే కాబట్టి రెండు గంటలు అటూ ఇటూ పడుతుంది, రాత్రికి చంపాసక్‌లో పడుకుని పొద్దున్నే గుడికి పోవచ్చు. ఖర్చు చాలా తక్కువ, టైమ్ మీ చేతిలో ఉంటుంది. నన్నడిగితే వయసులో ఉన్నవాళ్ళు ఇదే చేయాలి. అమ్మానాన్నలతో వెళ్తే క్రూజ్ సుఖం, గది, బాత్రూమ్ అన్నీ ఉంటాయి.

ఏ నెలలో

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు. మార్చి, ఏప్రిల్‌లో మన రెంటచింతల ఎండ గుర్తొస్తుంది, పైగా నదిలో నీళ్ళు బాగా తగ్గి పెద్ద బోట్ల దారి మారుతుంటుంది. జూన్ నుంచి సెప్టెంబర్ వానలు, కొండ పచ్చగా చాలా అందంగా ఉంటుంది కానీ ఆ ఇసుకరాతి మెట్లు నాచు పట్టి జారతాయి, పట్టుకోడానికి రెయిలింగ్ కూడా ఉండదు, పెద్దవాళ్ళని తీసుకెళ్ళొద్దు.

మాఘ పౌర్ణమికి, అంటే ఎక్కువగా ఫిబ్రవరిలో, ఇక్కడ పెద్ద జాతర. వాళ్ళు మాఖ బూచా అంటారు, బుద్ధుడి దగ్గరికి 1,250 మంది శిష్యులు పిలవకుండానే వచ్చి చేరిన రోజుగా చేసుకుంటారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి, థాయ్‌లాండ్ నుంచి కూడా జనం వస్తారు, పౌర్ణమి పొద్దున భిక్షువులకి భిక్ష పెట్టడం, రాత్రి కొవ్వొత్తులు పట్టుకుని ప్రదక్షిణ. తిరునాళ్ళ ఇష్టమున్నవాళ్ళు ఆ తేదీ చూసుకుని వెళ్ళండి. నిశ్శబ్దంగా చూడాలనుకుంటే ఆ వారం వదిలేయండి.

ఇక్కడి నుంచి ఎలా వెళ్ళాలి

హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ డైరెక్ట్ ఫ్లైట్లు ఉన్నాయి. బ్యాంకాక్ నుంచి ఉబోన్ రాచథానీ అనే ఊరికి గంట పైచిలుకు ఫ్లైట్ లేదా రాత్రి రైలు, స్లీపర్ బెర్తులు బాగుంటాయి. ఉబోన్ నుంచి పాక్సేకి బోర్డర్ దాటే బస్సు ఉంది, ఛోంగ్ మెక్ దగ్గర థాయ్ వైపు దిగి, నడిచి దాటి, వాంగ్ తావో దగ్గర లావో వైపు స్టాంప్ వేయించుకుని మళ్ళీ అదే బస్సు ఎక్కాలి, మొత్తం మూడు గంటల పని. ఒక జాగ్రత్త, బ్యాంకాక్‌లో రెండు ఎయిర్‌పోర్టులు ఉన్నాయి, సువర్ణభూమి, డాన్ మువాంగ్. మీ ఇంటర్నేషనల్ ఫ్లైట్ ఒకదాంట్లో దిగి, ఉబోన్ ఫ్లైట్ ఇంకోదాంట్లోంచి ఉంటే మధ్యలో నాలుగైదు గంటలు పెట్టుకోండి, ఆ ట్రాఫిక్‌ని నమ్మొద్దు.

లావోస్ వీసా ఆన్‌లైన్లో ఈ-వీసా తీసుకోవచ్చు, బోర్డర్‌లో వీసా ఆన్ అరైవల్ కూడా ఇస్తారు. కాకపోతే ఈ-వీసా అన్ని బోర్డర్లలో చెల్లదు, మీరు దాటే చోట చెల్లుతుందో లేదో బయల్దేరే వారం ముందు లావో ప్రభుత్వ సైట్‌లో చూసుకోండి. పాస్‌పోర్ట్ ఆరు నెలలు ఉండాలి, ఫోటోలు రెండు, డాలర్లు చిల్లరగా పెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో మళ్ళీ థాయ్‌లాండ్‌లోకి ఎంటర్ అవుతారు కదా, అక్కడి వీసా రూల్ కూడా రెండోసారి ఎంట్రీకి సరిపోయేలా ఉండాలి, చాలామంది ఈ సంగతి మర్చిపోతారు.

డబ్బు వాళ్ళది కిప్. లక్ష కిప్ నోటు చూసి కంగారు పడకండి, మన లెక్కలో కొన్ని వందలే. చంపాసక్ లాంటి చిన్న ఊళ్ళో కార్డులు పెద్దగా నడవవు, పాక్సేలోనే క్యాష్ తీసుకుని చిన్న నోట్లు చేయించుకోండి, పూలమ్మే అవ్వ దగ్గర పెద్ద నోటు ఇస్తే పాపం ఆవిడ ఎక్కడి నుంచి తెస్తుంది చిల్లర.

ముందు రోజు రాత్రి సర్దుకోవాల్సినవి

భుజాలు, మోకాళ్ళు కప్పే కాటన్ బట్టలు. మన చుడీదార్, పంచె, కాటన్ చీర అన్నీ సరిపోతాయి, అమ్మ నేత చీరలో వెళ్తే అక్కడి అవ్వలు కొంగు పట్టుకుని చూశారు, వాళ్ళ సిన్ అనే లుంగీలాంటి బట్టకి కూడా మన చీరలకున్నట్టే అంచు ఉంటుంది. కాకపోతే మెట్లు చాలా నిటారుగా, ఒక్కో చోట మోకాలెత్తు ఉంటాయి కాబట్టి చీర అయితే కాస్త పైకి దోపుకుని ఎక్కాలి. కాలికి గ్రిప్ ఉన్న సాండల్స్, కానీ తేలిగ్గా విప్పేవి, పైన బుద్ధుడి దగ్గర చెప్పులు విప్పాలి. మనిషికి లీటరున్నర నీళ్ళు. టోపీ, గొడుగు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి ఒక చేతికర్ర, ఇది తప్పనిసరి అంటాను నేను. ఒక ఖాళీ బాటిల్ కూడా పెట్టుకోండి, ఎందుకో తర్వాత చెప్తా.

తిండి సంగతి. శాకాహారులకి ఇక్కడ అసలు ఇబ్బంది పాడెక్, అంటే ఊరబెట్టిన చేపల రసం, బొప్పాయి సలాడ్‌లో కూడా వేసేస్తారు. "కిన్ జే" అంటే శాకాహారం తింటామని, "బొ సై పాడెక్" అంటే పాడెక్ వేయొద్దని. ఈ రెండూ లావో లిపిలో ఫోన్‌లో రాయించుకుని చూపించండి. ఖావో నియావ్ అని జిగురన్నం వెదురు బుట్టలో పెట్టిస్తారు, చేత్తో చిన్న ముద్ద చేసుకుని తినాలి, ఇంటి నుంచి కందిపొడి, నువ్వులపొడి తీసుకెళ్తే దాంతో అద్భుతంగా ఉంటుంది, పిన్ని తెచ్చిన కందిపొడి మా గైడ్ కూడా మూడుసార్లు వేసుకున్నాడు.

తెల్లవారాక, ఇంకా బోట్‌లో ఉండగానే

పాక్సే నుంచి కిందికి దక్షిణంగా వస్తుంటే కొండ మీకు కుడి చేతి వైపు, పడమటి ఒడ్డున వస్తుంది. చంపాసక్ రాకముందే డెక్ మీదకి వెళ్ళి కూర్చోండి. టిఫిన్ తర్వాతైనా తినొచ్చు. పొద్దున పొగమంచు ఉంటే మొదట కొండ కింది భాగమే కనిపిస్తుంది, ఎండ కొంచెం పడ్డాక శిఖరం మీద ఆ రాయి బయటికి వస్తుంది. అమ్మ చూసి రెండు చేతులూ ఎత్తేసింది, ఎవరూ చెప్పకముందే.

ఇక్కడే ఒక విషయం తెలుసుకుని ఉంటే మీకు ఒళ్ళు జలదరిస్తుంది. ఈ నది ఒడ్డునే ఒక పాత నగరం ఉండేది, శ్రేష్ఠపురం అని గుర్తిస్తారు, ఇప్పుడు పొలాల కింద మట్టి గోడల ఆనవాళ్ళే. అక్కడ దొరికిన 5వ శతాబ్దం నాటి సంస్కృత శాసనంలో దేవానీకుడనే రాజు ఇక్కడొక మహాతీర్థాన్ని స్థాపించి దానికి కురుక్షేత్రం అని పేరు పెట్టినట్టు ఉంది. అంటే మన దగ్గర విష్ణుకుండినులు ఏలుతున్న రోజుల్లో మెకాంగ్ ఒడ్డున ఒక రాజు కురుక్షేత్రాన్ని తలుచుకుంటున్నాడు. బోట్ ఆ ఒడ్డు పక్కనుంచే వెళ్తుంది.

రేవు నుంచి గుడికి

చంపాసక్ ఒకటే పొడుగాటి వీధి ఉన్న ఊరు. రేవు నుంచి గుడి 8, 10 కిలోమీటర్లు, నైరుతి వైపు. క్రూజ్ వాళ్ళ వ్యాన్ ఉంటుంది, లేకపోతే టుక్ టుక్ దొరుకుతుంది, రాను పోను, వెయిటింగ్ కలిపి ముందే రేటు మాట్లాడుకోండి. గేటు పొద్దున 8 ప్రాంతంలో తెరుస్తారు, ఆ టైమ్‌కే అక్కడ ఉండాలి. కారణం ఎండ ఒక్కటే కాదు. గుడి తూర్పు ముఖం, వెనక పడమర వైపు కొండ, అంటే పొద్దున వెలుతురు నేరుగా శిల్పాల మీద పడుతుంది, మధ్యాహ్నం దాటితే కొండ నీడ కమ్మేసి చెక్కడాలు చదునుగా కనిపిస్తాయి. సాయంత్రం వెళ్తే చల్లగా ఉంటుంది, నిజమే, కానీ శిల్పం సగం చూడనట్టే.

గేటు పక్కనే మ్యూజియం ఉంది. అందరూ ముందు దాంట్లోకే వెళ్తారు, మీరు వెళ్ళకండి, చల్లటి గంట అక్కడ పోగొట్టుకోవద్దు. దిగొచ్చాక చూడండి.

ఎక్కే దారి, ఒక్కో చోటూ

మ్యూజియం దగ్గర ఎలక్ట్రిక్ బండి ఎక్కితే పెద్ద చెరువు పక్కనుంచి దారి మొదట్లో దింపుతుంది. ఆ చెరువుని బరాయ్ అంటారు, 600 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు. దిగగానే నడవకండి, వెనక్కి తిరిగి నీళ్ళని, ముందుకి తిరిగి కొండని ఒకసారి చూసుకోండి. అక్కడి నుంచి గుడి, ఊట దాకా అంతా ఒకే గీత మీద 1.4 కిలోమీటర్లు ఉంది.

తర్వాత రాతి తామర మొగ్గల స్తంభాలు రెండు వైపులా ఉన్న దారి. పావుగంట నడక, నీడ ఉండదు. దారి చివర కుడి ఎడమల్లో రెండు పెద్ద మండపాలు, వాళ్ళు రాజభవనాలు అంటారు కానీ ఎందుకు కట్టారో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఉత్తరం వైపుది బాగా నిలబడి ఉంది, ద్వారాల పైన చెక్కడాలు చూడండి. మన భారత పురావస్తు శాఖ వాళ్ళు ఈ గుడి ప్రాంగణంలో ఏళ్ళ తరబడి పునరుద్ధరణ చేశారు, అది తెలిశాక పిన్ని గైడ్‌కి "ఇవి మావాళ్ళు నిలబెట్టారు" అని రెండుసార్లు చెప్పింది. దక్షిణం వైపు కొంచెం పైన నంది మండపం ఉంది, ఎక్కువ మంది దాన్ని పట్టించుకోకుండా వెళ్ళిపోతారు. ఆ మండపం దగ్గరి నుంచే ఖ్మేర్ రాజధాని అంగ్‌కోర్ దాకా, అంటే ఇప్పటి కంబోడియాలోకి, పాతకాలపు రోడ్డు బయల్దేరేది. ఇక్కడి నుంచి రాజులు, యాత్రికులు అడవుల్లోంచి అంగ్‌కోర్ వెళ్ళేవాళ్ళు.

ఇక్కడి నుంచి మెట్లు. మొదట కొన్ని మెట్ల తర్వాత ఒక ద్వారపాలకుడి విగ్రహం ఉంటుంది, స్థానికులు ఈయన్ని గుడి కట్టించిన రాజు కమ్మథా అని నమ్మి కండువా కప్పి, పూలు పెట్టి మొక్కుతారు. ఈయన పాదాల దగ్గర అరటాకు శంకువుల్లో బంతిపూలు గుచ్చి అమ్ముతుంటారు ముసలివాళ్ళు, ఒకటి కొనుక్కోండి, పైన బుద్ధుడికి పెట్టడానికి. బంతిపూలు, అరటాకు, అగరొత్తులు, అమ్మకి అదంతా మన ఊళ్ళోనే ఉన్నట్టు అనిపించింది.

మెట్లకి రెండు పక్కలా దేవగన్నేరు చెట్లు, ముసలి వేర్లు రాళ్ళని పట్టుకుని వంకర్లు తిరిగి ఉంటాయి. లావోస్ జాతీయ పుష్పం ఇదే, చంపా అంటారు. ఈ చెట్ల కింద అడుగడుగునా ఆగండి, ఎవరితోనూ పోటీ పడొద్దు. పెద్దవాళ్ళకి మా పద్ధతి చెప్తా: ఇరవై మెట్లు, రెండు నిమిషాలు కూర్చోవడం, ఒక గుక్క నీళ్ళు, మళ్ళీ ఇరవై. ఎక్కేటప్పుడు ఒకరు ముందు, ఒకరు వెనక. కర్ర ముందు పైమెట్టు మీద ఆనించి తర్వాత కాలు పెట్టాలి. కళ్ళు తిరిగేవాళ్ళు మధ్యలో వెనక్కి తిరిగి కిందకి చూడొద్దు, గట్టు వచ్చాకే చూడాలి. మాకు కింది మండపాల నుంచి పైకి నలభై ఐదు నిమిషాలు పట్టింది, ఒంట్లో శక్తి ఉన్నవాళ్ళు పదిహేను నిమిషాల్లో ఎక్కేస్తారు. చివరి మెట్ల వరస అన్నిటికంటే నిటారు, అక్కడ సిగ్గుపడకుండా చేతులు కూడా వేసి ఎక్కేయండి. నిజంగా ఎక్కలేమనుకున్నవాళ్ళు మండపాల దగ్గర చెట్టు నీడలో ఆగిపోవడమే మంచిది, రోప్‌వే లాంటిదేం లేదు.

పైన, గర్భగుడి దగ్గర

మెట్లు అయిపోగానే అందరూ వెనక్కి తిరిగి ఫోటోలు తీసుకుంటారు, తీసుకోండి, చెరువులు, పొలాలు, దూరంగా మెకాంగ్, అంతా కనిపిస్తుంది. తర్వాత ఫోన్ జేబులో పెట్టేసి గుడి తూర్పు గోడ ముందు నిలబడండి. మూడు ద్వారాలు, వాటి పైన చెక్కడాలు. కాళీయుడి మీద కృష్ణుడు, ఐరావతం మీద ఇంద్రుడు, గరుత్మంతుడి మీద విష్ణువు. దక్షిణం వైపు ద్వారం మీద కంసుణ్ణి చీల్చేస్తున్న కృష్ణుడు ఉన్నాడు, వెతకండి, చాలామంది గైడ్లు చూపించరు. మన వాళ్ళకి ఇక్కడ గైడ్ కంటే చిన్నప్పుడు విన్న భాగవతం ఎక్కువ ఉపయోగపడుతుంది. పక్కనున్న జర్మన్ దంపతులకి అమ్మ తెలుగులో చెప్తుంటే నేను ఇంగ్లీష్‌లో చెప్పాను ఆ కథ మొత్తం.

చెప్పులు విప్పి లోపలికి. రాతి గదిలో నాలుగు బుద్ధ విగ్రహాలు, పసుపు వస్త్రాలు కప్పి ఉంటాయి. కూర్చున్నప్పుడు కాళ్ళు వెనక్కి మడుచుకోవాలి, పాదాలు బుద్ధుడి వైపు చాపకూడదు. వీపు ఆయన వైపు పెట్టి సెల్ఫీ తీసుకోవద్దు. భిక్షువులు ఉంటే ఆడవాళ్ళు వాళ్ళకి తగలకుండా, ఏదైనా ఇవ్వాలంటే చేతికి కాకుండా ముందున్న గుడ్డ మీదో పళ్ళెంలోనో పెట్టాలి. నమస్కారం మనదే, వాళ్ళు నోప్ అంటారు.

బుద్ధుడి వెనక ఇటుకల గది ఉంది. ఖాళీగా, కప్పు లేకుండా ఉంటుంది కాబట్టి ఎవరూ ఆగరు. దయచేసి ఆగండి, ఈ గుడి ప్రాణం అక్కడే ఉండేది. లింగం ఉన్న గది అది. కొండ బండ కింద, దాదాపు 60 మీటర్ల అవతల ఊరే ఊట నీళ్ళని రాతి కాలువల్లో ఇక్కడి దాకా తెచ్చి నేరుగా లింగం మీద పడేలా కట్టారు, రాత్రీ పగలూ ఆగని అభిషేకం. పూజారి చెంబెత్తక్కర్లేదు, కొండే పోస్తుంది. ఈ గది చూశాక, కాలువ ఆనవాలు పట్టుకుని వెనక్కి వెళ్ళండి, నీళ్ళు వచ్చే దిక్కుకి. బండ అంచు కింద చల్లగా, చీకటిగా ఉన్న చోట ఊట ఇంకా కారుతూనే ఉంది. జనం తల మీద చల్లుకుంటున్నారు, బాటిళ్ళలో పట్టుకుంటున్నారు. ఖాళీ బాటిల్ ఇందుకే. అమ్మ అక్కడ కూర్చుని, కళ్ళు మూసుకుని, నమకం మెల్లగా చదువుకుంది, పక్కన ఒక లావో అవ్వ ఆవిడ ప్రార్థన ఆవిడ చేసుకుంటోంది, ఇద్దరూ అయిపోయాక ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. గైడ్ వాచీ చూపించినప్పుడు మేం దిగిపోయి ఉంటే ఇది చూసేవాళ్ళమే కాదు.

తాగడం మాత్రం మీ ఇష్టం, పొట్ట సున్నితంగా ఉన్నవాళ్ళు తల మీద చల్లుకుని ఊరుకోండి.

గుడికి వాయవ్యంగా ఒక బండ మీద త్రిమూర్తులు, మధ్యలో శివుడు. ఇంకొంచెం ఉత్తరంగా వెళ్తే బండ మీద బుద్ధ పాదం, ఏనుగు ఆకారంలో చెక్కిన పెద్ద రాయి, ఆకుల మధ్య మొసలి ఆకారం తొలిచిన రాయి. మొసలి రాయి సరిగ్గా ఒక మనిషి పట్టేంత ఉంటుంది, పాత చైనా గ్రంథంలో ఈ కొండ మీద నరబలి జరిగేదని రాసి ఉంది కాబట్టి అది ఇక్కడే అయ్యుండొచ్చని కొందరంటారు. రుజువు లేదు. పిల్లల్ని దాంట్లో పడుకోబెట్టి ఫోటోలు తీస్తున్నారు కొంతమంది, మీరు అలా చేయొద్దు.

దిగడం, ఆ తర్వాత

పదకొండు లోపు దిగడం మొదలెట్టండి. దిగేటప్పుడే మోకాళ్ళ మీద ఎక్కువ భారం పడుతుంది, నిటారు మెట్ల దగ్గర పక్కకి తిరిగి ఒక్కో మెట్టు దిగాలి, కర్ర ముందు కింద పెట్టి తర్వాత కాలు. కింద మ్యూజియంలో ఫ్యాన్ గాలికి అరగంట కూర్చుని లింగాలు, ద్వారబంధాలు చూడండి, పైన చూసొచ్చాక అవి ఎక్కడివో మీకే తెలుస్తుంది.

బోట్ ఆ మధ్యాహ్నం లేదా మర్నాడు ఎదురొడ్డున ఊమ్ మువాంగ్ అనే గుడి దగ్గర ఆగుతుంది, తోమో వాగు పక్కన అడవిలో, 9వ శతాబ్దంలో ఖ్మేర్ రాజు యశోవర్మ కాలంలో రుద్రాణికి కట్టింది, శిథిలాలే కానీ ముఖలింగం, అంటే ముఖం చెక్కిన లింగం ఉంది, అరగంట చాలు. క్రూజ్ పాక్సేలో ముగిస్తే ఆ సాయంత్రం వంతెన దాటి ఫు సలావ్ కొండకి వెళ్ళండి, పైన పెద్ద బంగారు రంగు బుద్ధుడు నదిని చూస్తూ కూర్చుని ఉంటాడు, టుక్ టుక్ పైదాకా వెళ్తుంది కాబట్టి అమ్మ ఆ రోజు ఒక్క మెట్టూ ఎక్కలేదు.

చంపాసక్ నుంచి బోట్ కదిలాక వెనక డెక్ మీదకి వెళ్ళి కూర్చోండి, కొండ చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. ఊట నీళ్ళ బాటిల్ ఉంటే ఆ టైమ్‌లోనే మూత చుట్టూ టేప్ గట్టిగా వేసి, రెండు కవర్లలో కట్టి, చెక్-ఇన్ బ్యాగ్‌లో బట్టల మధ్య పెట్టేయండి, హ్యాండ్ బ్యాగ్‌లో ఉంటే బ్యాంకాక్ సెక్యూరిటీలో తీసేస్తారు. మాది విజయవాడ దాకా చుక్క కారకుండా వచ్చింది.